మమ్మీ, ఇది బైబిల్లో ఉందా, మీ ఊళ్ళో ఉందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడు తీసుకున్నా. మూడూ బెంగళూరు నుంచే, మూడూ విశ్వాసుల ఇళ్ళ నుంచే. ఊర్ల పేర్లు మార్చాను, ఎవరూ కంగారు పడొద్దు.

ప్రశ్న: ఆంటీ గారికి వందనాలు. మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు, పెళ్ళయ్యాక బెంగళూరు వచ్చి 17 ఏళ్ళు, మారతహళ్ళిలో ఉంటున్నాం. పాప పీయూసీ (మన ఇంటర్) ఫస్ట్ ఇయర్, బాబుకి 13. చిన్నప్పుడు పాప సండే స్కూల్లో వాక్యాలన్నీ కంఠతా చెప్పేది, ఇప్పుడు ఆదివారం పొద్దున లేపితే తలనొప్పి అంటుంది. పోయిన వారం స్లీవ్‌లెస్ వేసుకుని ఫ్రెండ్ బర్త్‌డేకి వెళ్తానంటే మనం విశ్వాసులం, అలాంటివి వేసుకోకూడదు అన్నా. వెంటనే "మమ్మీ, ఇది బైబిల్లో ఉందా, మీ ఊళ్ళో ఉందా" అంది, నాకు నోట మాట రాలేదు. ఇంకోటి, మా పై ఫ్లోర్‌లో ఇద్దరు పెళ్ళి కాకుండానే కలిసి ఉంటున్నారు. ఆ అమ్మాయి మా పాపకి లెక్కలు చెప్తుంది, మా ఆయనకి అర్ధరాత్రి ఒంట్లో బాగోకపోతే ఆ అబ్బాయే కార్లో హాస్పిటల్‌కి తీసుకెళ్ళాడు. "వాళ్ళు చెడ్డవాళ్ళా మమ్మీ" అని అడుగుతుంది. ఏం చెప్పాలి ఆంటీ, ఈ ఊళ్ళో పిల్లల్ని భక్తిలో ఎలా పెంచాలి?

జవాబు: వందనాలమ్మా. మీ పాప మీద కోపం తెచ్చుకోకు. నేను ఈ ఊరొచ్చిన కొత్తలో నన్ను నేను అడుక్కోవాల్సిన ప్రశ్న అది, అడుక్కోలేదు, దానికి చాలా ఏడ్చాను తర్వాత.

మనం ఊళ్ళో పెరిగినప్పుడు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకో. చర్చి గంట కొడితే వీధి మొత్తం బయల్దేరేది, మనం కనపడకపోతే పెద్దమ్మ ఇంటికొచ్చి అడిగేది, ఎవరితోనైనా నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడితే సాయంత్రానికల్లా నాన్న చెవిన పడేది. మనం దారి తప్పలేదు నిజమే, కానీ అందులో దేవుని భయం ఎంత, ఊరి భయం ఎంత అని ఎప్పుడూ లెక్క చూసుకోలేదు కదా. ఊరు కాపలా కాసింది, మనం దాన్ని విశ్వాసం అనుకున్నాం. ఇక్కడికొచ్చాక ఎదురు ఫ్లాట్ వాళ్ళ పేరు కూడా తెలీదు, కాపలా పోయింది, లోపల నిజంగా ఎంతుందో అంతే మిగిలింది. ఇక మన పిల్లలైతే ఆ కాపలా చూసి కూడా ఎరగరు, "నలుగురూ ఏమనుకుంటారు" అంటే ఏ నలుగురు అని నిజంగానే అడుగుతారు, అందులో పొగరేం లేదు, వాళ్ళకి ఆ నలుగురూ లేరు.

మా పెద్దమ్మాయికి నేను వాక్యం పేరు చెప్పి పరువు నేర్పించాను. జడ దగ్గర్నుంచి నవ్వే తీరు దాకా ప్రతిదానికీ దేవుడికి ఇష్టం ఉండదు అనేదాన్ని. దానికి 19 ఏళ్ళు వచ్చేసరికి వాటిలో సగం వాక్యంలో లేవని తెలిసిపోయింది, అప్పుడు మిగతా సగం కూడా అబద్ధమే అనుకుంది. ఆరేళ్ళు చర్చి గడప తొక్కలేదు. మళ్ళీ వచ్చాక ఓ రోజు నాతో అంది, "నువ్వు నీకిష్టం లేదని చెప్పుంటే వినేదాన్నమ్మా, అన్నిటికీ దేవుణ్ణి అడ్డం పెట్టావు" అని. అందుకే నీకు ఇంత గట్టిగా చెప్తున్నా.

కాబట్టి పాపని కూర్చోబెట్టుకుని ఒప్పేసుకో, "స్లీవ్‌లెస్ సంగతి మా ఊరిది, నాకు అలా చూడటం అలవాటు లేదు, ఇబ్బందిగా ఉంటుంది, అంతే" అని. తర్వాత నిజంగా వాక్యానివి ఏంటో అవి చెప్పు. నిజం మాట్లాడటం, ఒంటిని దేవుని ఆలయంగా చూసుకోవడం, దాంపత్యం అనేది పెళ్ళిలోనే అనడం, పక్కవాణ్ణి తక్కువ చెయ్యకపోవడం. ఈ చివరి దాని దగ్గర నువ్వూ మీ ఆయనా కాస్త ఆగి ఆలోచించుకోండి. మన సంఘాల్లో ఆరాధనలో అంతా పక్కపక్కనే కూర్చుంటాం, పెళ్ళి సంబంధం దగ్గరికొచ్చేసరికి "మనవాళ్ళేనా" అని అడుగుతాం. పిల్లలు అది వింటారు. అబ్బాయిలతో మాట్లాడితే పాపం, కులం చూస్తే పాపం కాదు అని ఇంట్లో కనపడితే, ఇది బైబిల్లో ఉందా మీ ఊళ్ళో ఉందా అని అడక్క ఏం చేస్తారు చెప్పు.

నాకు ఈ విషయంలో బైబిల్లోని దానియేలు బాగా సాయం చేశాడు. మొదటి అధ్యాయం మళ్ళీ చదువు, సింహాల గుహ దాకా వెళ్ళకు. చిన్న వయసులో బబులోనుకు చెరగా వెళ్ళాడు, వాళ్ళ భాష నేర్చుకున్నాడు, వాళ్ళ పుస్తకాలు చదివాడు, బెల్తెషాజరు అని వాళ్ళు పెట్టిన పేరుతో పిలిచినా ఊరుకున్నాడు. రాజు భోజనం, ద్రాక్షారసం దగ్గరకొచ్చేసరికి మాత్రం వద్దన్నాడు. అదీ అరిచి కాదు, కాపలా అధికారిని మర్యాదగా బతిమాలుకుని 10 రోజులు కూరగాయలు, నీళ్ళు ఇచ్చి చూడమన్నాడు. అన్నిటికీ వద్దన్నవాడు అయ్యుంటే ఆ ఒక్కదానికి ఎవరూ విలువిచ్చేవాళ్ళు కాదేమో అనిపిస్తుంది నాకు. మనం రోజుకి నలభై వద్దులు చెప్తాం, ఏ వద్దుకి ప్రాణం పెట్టాలో పిల్లలకి తెలీదు.

పై ఫ్లోర్ వాళ్ళ గురించి. వాళ్ళు చెడ్డవాళ్ళని మాత్రం చెప్పకు, అది నిజం కాదు, మీ ఆయన్ని హాస్పిటల్‌కి తీసుకెళ్ళిన మనిషిని పట్టుకుని ఆ మాట అంటే పాప నీ మాటే నమ్మదు. "వాళ్ళు చాలా మంచివాళ్ళు, మనకి చేసిన సాయం మర్చిపోకూడదు. మనం పెళ్ళిని దేవుని ముందు చేసే ప్రమాణంగా నమ్ముతాం, అందుకే మనింట్లో అలా ఉండం" అని చెప్పు. రెండూ ఒకే నోటితో చెప్పొచ్చు. అందరూ ఒప్పుకుంటున్నారుగా, చట్టం కూడా ఒప్పుకుందిగా అంటే, అవును, ఇద్దరు మేజర్లు ఇష్టపడి కలిసి ఉంటే నేరం కాదని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది, కోర్టు పని నేరం ఏదో చెప్పడం, ఎలా బతకాలో చెప్పడం మన పని అను. ఎందుకు నమ్ముతున్నావో కూడా చెప్పు తల్లీ, మీ ఇద్దరి కాపురంలో కష్టమొచ్చిన రోజున ఆ ప్రమాణం మిమ్మల్ని ఎలా పట్టి ఉంచిందో. నేను ఆ మాటలు మా పిల్లలకి ఎప్పుడూ చెప్పలేదు, సిగ్గుపడ్డాను.

ఆదివారం తలనొప్పికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు, అది ఎవరికీ తట్టదు. మీ పాప ఇంగ్లీష్ మీడియం, తెలుగు బడిలో నేర్చుకుని ఉండదు. మన తెలుగు బైబిల్ ఏమో "చేయుచున్నాడు, పలుకుచుండెను" అని గ్రాంథికం. రెండు గంటలు అర్థం కాని భాషలో కూర్చోమంటే ఎవరికైనా తల నొస్తుంది. రెండు వారాలకోసారి ఇంగ్లీష్ ఆరాధనకి వెళ్ళనీ, నువ్వు కూడా వెళ్ళి పక్కన కూర్చో. తెలుగు పోతుందని నాకూ బాధే, మా అమ్మ పాడిన కీర్తనలు నా మనవలకి రావు, కానీ తెలుగు నిలబెట్టబోయి దేవుణ్ణి పోగొట్టుకోకూడదు కదా.

బాబు ఫోన్ సంగతి నువ్వు రాయలేదు కానీ 13 అన్నావు కాబట్టి చెప్తున్నా. ఇన్‌స్టాకి 13 నిండాలి, 2025 నుంచి మన దేశంలో కూడా పిల్లల అకౌంట్లు టీన్ అకౌంట్లుగా, అంటే ముందే కట్టుదిట్టమైన సెట్టింగ్‌లతో పెట్టారు, 16 లోపు వాళ్ళు సెట్టింగ్ సడలించాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి, అది చూసి పెట్టు. రాత్రి ఫోన్లన్నీ హాల్లో ఛార్జింగ్‌లో ఉండాలి, మీ ఇద్దరివీ కూడా, లేకపోతే చెల్లదు. ఏదైనా చూడకూడనిది చూశానని వాడంతట వాడే వచ్చి చెప్తే ఆ రోజు మాత్రం కొట్టొద్దు, తిట్టొద్దు, ఫోన్ లాక్కోవద్దు. మొదటిసారి చెప్పినప్పుడు మన ముఖం ఎలా మారిందో చూసే రెండోసారి చెప్పాలా వద్దా అనుకుంటారు. ఎవరైనా వాడి ఫొటో పెట్టుకుని బెదిరిస్తే దాచకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలని ఇప్పుడే చెప్పి ఉంచు.

ప్రశ్న: సిస్టర్ గారికి వందనాలు. కె.ఆర్.పురంలో ఉంటాం, రిటైర్ అయ్యాను. మా అబ్బాయికి 27, సాఫ్ట్‌వేర్. ఏడాదిగా ఒక అమ్మాయితో వేరే ఫ్లాట్ తీసుకుని ఉంటున్నాడు. అమ్మాయి కూడా క్రైస్తవురాలే, కానీ మనవాళ్ళు కాదు. రెండేళ్ళ క్రితం పెళ్ళి చేయమని అడిగితే మేము ఒప్పుకోలేదు. ఇప్పుడు వాళ్ళమ్మ వాడితో మాట్లాడదు. క్రిస్మస్‌కి ఇద్దరం వస్తామంటున్నాడు. రానిస్తే పాపాన్ని ఒప్పుకున్నట్టు కాదా?

జవాబు: బ్రదర్ గారూ, మీ ఉత్తరంలో నాకు ముందు కనపడింది రెండేళ్ళ క్రితం మాట. వాడు పెళ్ళి చేయమనే అడిగాడు. సరైన దారిలోనే వచ్చి మీ తలుపు కొట్టాడు, తియ్యనిది మీరు. వాడు ఇప్పుడు చేస్తున్నది సరైనదని నేను అనను, వాడికి కూడా అదే చెప్తాను, కానీ ఆ తప్పులో మీ వాటా మీరు ముందు ఒప్పుకోకుండా వాడి వాటా గురించి మాట్లాడితే వాడు వినడు, వినక్కర్లేదు కూడా.

ఇద్దర్నీ రమ్మనండి. భోజనం పెట్టండి. రాత్రి ఉంటే పడకలు వేర్వేరు గదుల్లో అని ముందే ఫోన్లో చెప్పండి, మీ ఇల్లు, మీ నియమం, దానికి ఎవరూ బాధపడరు. మీరు నమ్మేది ఒక్కసారి చెప్పండి, ప్రతి ఫోన్‌లోనూ చెప్పొద్దు. లూకా 15లో తప్పిపోయిన కొడుకు ఇంకా దూరంగా ఉండగానే తండ్రి చూశాడని ఉంది, రోజూ ఆ దారి వైపు చూస్తూ ఉన్నవాడికే అంత దూరం నుంచి కనపడతాడు. వాళ్ళమ్మ మాట్లాడటం మానేస్తే ఆ దారి మూసుకుపోతుంది బ్రదర్ గారూ.

ఆ అమ్మాయితో కూడా మాట్లాడండి. ఎవరో కన్న బిడ్డ, వాళ్ళింట్లో ఎన్ని మాటలు పడుతుందో. 2005 గృహహింస చట్టం పెళ్ళి లాంటి బంధంలో ఉన్న ఆడపిల్లకి కూడా రక్షణ ఇచ్చింది, చట్టం చూసినంత మాత్రం మనం చూడకపోతే ఎలా. ఆ తర్వాత మీ అంతట మీరే పెళ్ళి మాట ఎత్తండి. 1872 క్రైస్తవ వివాహ చట్టం కింద మీ చర్చిలోనే చేయొచ్చు, అందులో కులం అని ఎక్కడా ఏం లేదు. సంఘంలో ఎవరైనా అడిగితే దాచకండి, "మేము అడ్డుపడ్డాం, ఇప్పుడు దిద్దుకుంటున్నాం" అనండి. కష్టమే. మీ అబ్బాయి ఆ మాట మీ నోటి నుంచి వింటే ఏమవుతుందో ఆలోచించండి.

ప్రశ్న: అక్కా, మా ఆయనకి యూఎస్ షిఫ్ట్, సాయంత్రం 5కి క్యాబ్ వస్తుంది, తెల్లారి వస్తారు. పిల్లలకి పొద్దున 7కి స్కూల్ బస్. కుటుంబ ప్రార్థన నెలకోసారి కూడా కుదరట్లేదు. పిల్లలు భక్తి లేకుండా పెరుగుతారని భయంగా ఉంది. - సర్జాపుర రోడ్డు నుంచి ఒక చెల్లి

జవాబు: చెల్లీ, ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయంలో పిల్లలకి ఈ మాటలు ఎప్పుడు చెప్పాలో రాసి ఉంది, ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడుస్తున్నప్పుడు, పడుకునేటప్పుడు, లేచినప్పుడు అని. రాత్రి 8కి అందరూ చాప మీద కూర్చోవాలని లేదు. అది మన అమ్మానాన్నల టైమ్ టేబుల్, వాళ్ళకి అప్పుడు కుదిరింది. నీకు బస్ స్టాప్ దాకా నడిచే పది నిమిషాలు ఉన్నాయి, అవి ఫోన్‌కి ఇవ్వకు. నిన్న స్కూల్లో ఎవరి మీద కోపమొచ్చిందో అడుగు, అక్కడే నడుస్తూనే వాళ్ళ కోసం ఒక్క మాట ప్రార్థన చేయించు, తెలుగులో వస్తే తెలుగు, కన్నడలో వస్తే కన్నడ, వాళ్ళ సొంత మాటల్లో. నువ్వు విసుక్కున్న రోజు రాత్రి పడుకునే ముందు సారీ చెప్పు, దేవుడి దగ్గర కూడా అమ్మ క్షమాపణ అడిగింది అని వాళ్ళకి వినపడేలా అడుగు.

ఇక మీ ఆయన. సాయంత్రం షూ వేసుకునే ముందు పిల్లలిద్దరి తల మీద చెయ్యి పెట్టి ఒక్క నిమిషం ప్రార్థన చేసి వెళ్ళమను. క్యాబ్ ఆ ఒక్క నిమిషం ఆగుతుంది.