డాలస్ రాక్ కచేరీ క్యాసెట్లు: యూట్యూబ్‌లో పెట్టవచ్చా, అమ్మి విరాళం ఇవ్వవచ్చా?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. నేను 1982లో ఎం.ఎస్. చదవడానికి టెక్సస్ వచ్చి ఇక్కడే స్థిరపడ్డాను. 1983 నవంబరు 28న డాలస్ రీయూనియన్ అరీనాలో ఎరిక్ క్లాప్టన్, జెఫ్ బెక్, జిమ్మీ పేజ్ ఒకే వేదిక మీద వాయించిన ఛారిటీ కచేరీకి నేనూ నా రూమ్మేటూ వెళ్లాం. అతనిది గుంటూరు. జాకెట్టు లోపల చిన్న రికార్డరు దాచుకుని కచేరీ మొత్తం రెండు క్యాసెట్లకు ఎక్కించాడు. అతను పోయి మూడేళ్లయింది. వాళ్లావిడ ఇల్లు సర్దుతూ ఆ క్యాసెట్లు నా చేతిలో పెట్టారు. రెండో క్యాసెట్టులో ఒకచోట చప్పట్ల మధ్య అతని గొంతు వినిపిస్తుంది: "ఒరేయ్, పేజ్ వచ్చాడ్రా!" మా అబ్బాయి వీటిని యూట్యూబ్‌లో పెడదామంటున్నాడు. హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడి కొడుకు తన ఛానల్లో పెడతానంటున్నాడు, ఇండియా నుంచి పెడితే ఏ గొడవా ఉండదట. నాకేమో సీడీలు చేసి అమ్మి, వచ్చిన డబ్బు మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు రోగులకు పంపాలని ఉంది. ఆ కచేరీ చేసిందే వాళ్ల కోసం కదా. ఇందులో ఏది చేయవచ్చు, ఏది కూడదు?

జవాబు: ముందు సూటిగా చెబుతాను. యూట్యూబ్‌లో పెట్టవద్దు. అమ్మవద్దు, విరాళం కోసమైనా సరే. అలాగని ఆ క్యాసెట్లను అటక మీద పడేసి పాడు చేయవద్దు. అవి దాచవలసినవి, దాచే దారి ఉంది.

మీ దగ్గర ఉన్నదేమిటో మీ పిల్లలకు తెలియకపోవచ్చు. స్మాల్ ఫేసెస్, ఫేసెస్ బృందాల్లో బేస్ గిటార్ వాయించిన రానీ లేన్‌కు మల్టిపుల్ స్క్లెరోసిస్ వచ్చింది. ఆ జబ్బు మీద పరిశోధన చేస్తున్న 'ఆర్మ్స్' అనే సంస్థ కోసం 1983 సెప్టెంబరు 20న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో అతని స్నేహితులు కచేరీ చేశారు. క్లాప్టన్, బెక్, పేజ్ ముగ్గురూ వేర్వేరు కాలాల్లో యార్డ్‌బర్డ్స్ బృందంలో గిటార్ వాయించినవాళ్లే. అయినా ముగ్గురూ ఒకే వేదిక ఎక్కడం అదే మొదలు. రోలింగ్ స్టోన్స్ నుంచి చార్లీ వాట్స్, బిల్ వైమన్ వచ్చారు. అది బాగా నడవడంతో అమెరికాలో తొమ్మిది కచేరీలు పెట్టారు. వాటిలో మొదటిది మీ డాలస్‌దే. తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో, లాస్ ఏంజెలెస్, చివరికి న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్. లండన్‌లో పాడిన స్టీవ్ విన్‌వుడ్ ఇటు రాలేదు. అతని బదులు జో కాకర్, పాల్ రాజర్స్ వచ్చారు. లండన్ కచేరీ అధికారికంగా వీడియోగా వచ్చింది. అమెరికా రాత్రులు మాత్రం చాలావరకు మీ స్నేహితుడిలాంటి శ్రోతలు తీసిన టేపుల్లోనే బతికి ఉన్నాయి. రీయూనియన్ అరీనాను 2009లో కూల్చేశారు. రానీ లేన్, జో కాకర్, చార్లీ వాట్స్, జెఫ్ బెక్ ఇప్పుడు లేరు. మీ రూమ్మేటూ లేడు. అందుకే ఈ క్యాసెట్ల విషయంలో నాకూ తొందరగానే ఉంది.

ఇక చట్టం. ఒక క్యాసెట్టులో మూడు ఆస్తులు ఉంటాయి. ఒకటి ప్లాస్టిక్కూ టేపూ, అంటే ఆ వస్తువు. అది మీది. రెండోది పాట, అంటే రాసి బాణీ కట్టినవాళ్ల కాపీరైటు. మూడోది ఆ రాత్రి వేదిక మీద వాళ్లు పాడి వాయించినది, అంటే ప్రదర్శకుల హక్కు. మామూలుగా రికార్డింగు తీసినవాడికి ఆ రికార్డింగు మీద కొంత కాపీరైటు ఉంటుందని చాలామంది అనుకుంటారు. పెళ్లి వీడియో విషయంలో అది నిజం కూడా. కానీ అమెరికా చట్టం ప్రకారం ప్రదర్శకుల అనుమతి లేకుండా పట్టిన శబ్దానికి ఆ రకం కాపీరైటు పుట్టదు. కాబట్టి మీ స్నేహితుడు ఎంత కష్టపడి, మోచేతులు కదలకుండా రెండు గంటల పైన కూర్చుని రికార్డు చేసినా, ఆ సంగీతం మీద అతనికి హక్కు రాలేదు. అతని నుంచి వాళ్లావిడకూ, ఆవిడ నుంచి మీకూ రాలేదు.

"1983లో అది నేరం కాదు కదా?" అని మీ అబ్బాయి అడుగుతాడు. మంచి ప్రశ్నే. అప్పటికి రాక్ కచేరీని రహస్యంగా రికార్డు చేయడాన్ని నిషేధించే ఫెడరల్ చట్టం లేదు. కొన్ని రాష్ట్రాల చట్టాలూ, టికెట్టు వెనక అచ్చేసే షరతులూ ఉండేవి. నలభై ఏళ్లు దాటాక ఆ రాత్రి గురించి ఎవరూ మిమ్మల్ని అడగరు. ఫెడరల్ చట్టం 1994 డిసెంబరు 8న వచ్చింది. అమెరికా చట్టాల్లో కాపీరైటు భాగమైన 17వ టైటిల్‌లో 1101వ సెక్షన్. అనుమతి లేకుండా కచేరీని రికార్డు చేయడం, అలాంటి టేపు నుంచి కాపీలు తీయడం, పంచడం అది కూడదంటుంది. చిక్కంతా అది రాసిన తీరులో ఉంది. ఆ తేదీ తర్వాత జరిగే ప్రతి పనికీ అది వర్తిస్తుంది. రికార్డింగు ఎప్పటిదైనా, ఇవాళ మీరు కాపీలు తీస్తే ఆ పని ఇవాళ్టిది. ఇవాళ పంచితే పంచడం ఇవాళ్టిది.

దీనికి సరిగ్గా సరిపోయే కేసు ఒకటుంది. కిస్ అనే రాక్ బృందం 1976లో చేసిన కచేరీ దృశ్యాలను దశాబ్దాల తర్వాత ఒక కంపెనీ డీవీడీగా తెచ్చింది. బృందం కోర్టుకెక్కింది. కాపీరైటుకు గడువు ఉండాలని రాజ్యాంగం అంటుంటే ఈ 1101కి అసలు గడువే లేదు, కాబట్టి ఇది చెల్లదని కంపెనీ వాదించింది. 2004లో లాస్ ఏంజెలెస్ ఫెడరల్ కోర్టు ఆ వాదనను ఒప్పుకుంది. మరుసటి ఏడాది అదే కోర్టులో మరో జడ్జి ఆ తీర్పును తిరగదోడి, చట్టం చెల్లుతుందన్నారు. ఇదే విషయంలో ఉన్న క్రిమినల్ సెక్షన్ 2319-ఎ. దాన్ని 1999లో పదకొండో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు, 2007లో రెండో సర్క్యూట్ నిలబెట్టాయి. గడువు లేకపోవడం మీద నాకు వ్యక్తిగతంగా అభ్యంతరం ఉంది. పాటకే ఒకనాటికి కాపీరైటు తీరిపోతుంటే, ఆ పాటను ఒక సాయంత్రం పాడిన తీరుకు ఎన్నటికీ తీరకపోవడం సబబు కాదు. కానీ నా అభ్యంతరం మీకు కోర్టులో అక్కరకు రాదు.

జరిమానా ఎంత అంటారా? కాపీరైటు ఉల్లంఘనకు ఉన్న పరిహారాలే దీనికీ వర్తిస్తాయి. చట్టం నిర్ణయించిన పరిహారం ఒక్కో కృతికి 750 డాలర్ల నుంచి 30,000 దాకా, తెలిసి చేశారని తేలితే 1,50,000 దాకా వెళ్లవచ్చు. లాభం కోసం చేస్తే క్రిమినల్ సెక్షన్ కిందికి వస్తుంది. మొదటి తప్పుకే ఐదేళ్ల వరకు జైలు రాసి ఉంది. మీలాంటి పెద్దాయనను జైల్లో పెడతారని భయపెట్టడం లేదు. "సీడీలు చేసి అమ్ముతాను" అన్న ఆ ఒక్క మాటతో మీరు సివిల్ గట్టు దాటి క్రిమినల్ వైపు అడుగు వేస్తున్నారని చెబుతున్నాను.

విరాళం సంగతి విడిగా చెప్పాలి, మీ మనసు అక్కడే ఉంది కాబట్టి. ఆ రాత్రి వాయించినవాళ్లు పారితోషికం వదులుకుని ఉండవచ్చు, హక్కులు వదులుకోలేదు. మన ఊళ్లో గుడి ఉత్సవానికి విద్వాంసుడు డబ్బు తీసుకోకుండా పాడాడనుకోండి. ఆ కచేరీని రికార్డు చేసి అమ్ముకోవడానికి ఊరివాళ్లకు అధికారం వచ్చేస్తుందా? ఇదీ అంతే. డబ్బు మంచి పనికే వెళ్లినా అనుమతి అవసరం పోదు. పైగా ఆ కళాకారుల పేర్లు, ఆ సంస్థ పేరు చెప్పి జనం దగ్గర డబ్బు వసూలు చేయడానికి రాష్ట్రాల వారీగా వేరే నిబంధనలున్నాయి.

మంచి ఉద్దేశం కాగితాల దగ్గర ఎలా చిక్కుకుంటుందో మన పండిట్ రవిశంకర్ కథే చెబుతుంది. 1971 ఆగస్టు 1న ఆయన కోరిక మీద జార్జ్ హారిసన్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం కచేరీ పెట్టారు. టికెట్ల డబ్బు, రెండు లక్షల నలభై వేల డాలర్లకు పైగా, త్వరగానే యునిసెఫ్‌కు చేరింది. ఆల్బమ్ మీద వచ్చిన డబ్బు మాత్రం ఏళ్ల తరబడి అమెరికా పన్నుల శాఖ దగ్గర ఇరుక్కుపోయింది. పన్ను మినహాయింపు ఏర్పాటు కచేరీకి ముందే చేసుకోకపోవడమే కారణం. అంత పేరున్నవాళ్లకే అలా జరిగింది. మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగులకు మీరు పంపదలచుకున్నది ఈ క్యాసెట్లతో ముడిపెట్టకుండా, మీ స్నేహితుడి పేరున నేరుగా పంపండి. రసీదు వస్తుంది, పన్ను లెక్కలకూ పనికొస్తుంది.

హైదరాబాద్ అబ్బాయి మాట నమ్మకండి. మీరు డాలస్ నుంచి ఫైలు పంపడమే పంచడం కిందికి రావచ్చు. అతను పెట్టినది అమెరికాలోనూ, బ్రిటన్‌లోనూ కనిపిస్తుంది. ఆ ముగ్గురు గిటారిస్టులూ బ్రిటిష్ పౌరులు. అక్కడి 1988 చట్టం అంతకుముందు జరిగిన ప్రదర్శనలకూ వర్తిస్తుంది. ప్రదర్శన జరిగిన సంవత్సరం చివరి నుంచి యాభై ఏళ్లు రక్షిస్తుంది, అంటే 2033 చివరి దాకా. ఇండియాలో ప్రదర్శకుల హక్కు 1994 సవరణతో వచ్చి 1995 మే 10 నుంచి అమలైంది. 1983 నాటి కచేరీకి అది వర్తిస్తుందా అని వాదించుకోవచ్చు. కానీ పాటల కాపీరైటు మీద అలాంటి వాదనకు చోటు లేదు. రచయిత పోయాక కూడా అక్కడ అరవై ఏళ్లు ఉంటుంది. పైగా తొంభై రోజుల్లో మూడు కాపీరైటు స్ట్రైకులు, అంటే హక్కుదారుల ఫిర్యాదు మీద పడే హెచ్చరికలు, పడితే యూట్యూబ్ ఛానలే మూసేస్తుంది. అతని కష్టమంతా పోతుంది.

"మరి ఇంటర్నెట్‌లో ఇన్ని కచేరీల టేపులు ఎలా ఉన్నాయి?" అంటారేమో. కొన్ని అనుమతితో ఉన్నవే. గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం 1984 నుంచి రికార్డు చేసేవాళ్లకు హాల్లో ప్రత్యేకంగా చోటే ఇచ్చింది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని కచేరీల విభాగం అలా ఒప్పుకున్న బృందాలవే తీసుకుంటుంది. మిగతావి ఎవరూ అడగనంత వరకు ఉన్నవి. అడగకపోవడం అనుమతి కాదు.

ఇక చేయవలసిన పనులు. మొదట మీ స్నేహితుడి భార్య దగ్గర నాలుగు వాక్యాల కాగితం తీసుకోండి: ఈ రెండు క్యాసెట్లను ఫలానా తేదీన మీకు ఇచ్చేశానని, సంతకంతో. రేపు వాళ్ల పిల్లలకూ మీ పిల్లలకూ మాట రాకుండా ఉంటుంది.

తర్వాత క్యాసెట్టును చేతిలోకి తీసుకుని పై అంచు చూడండి. రెండు మూలల్లో చిన్న ప్లాస్టిక్ చెక్కలు ఉంటాయి. అవి ఇంకా ఉంటే రెండూ విరిచేయండి, పొరపాటున రికార్డు బటన్ నొక్కినా పాత శబ్దం చెరగదు. టేపు మధ్యలో వెనక చిన్న ఫెల్టు ముక్క ఉంటుంది. పాత క్యాసెట్లలో దాని జిగురు ఊడిపోతుంది, ఊడిందేమో చూడండి. ఊడితే ఇంట్లో ప్లేయరులో పెట్టకండి, తెలిసినవాళ్లకు ఇవ్వండి.

కంప్యూటర్లోకి ఎక్కించడం గురించి దాచకుండా చెబుతాను. 1101వ సెక్షన్ అక్షరాలా చదివితే అలాంటి టేపు నుంచి కాపీ తీయడం కూడా అందులో ఉంది. సొంత వాడకానికి మినహాయింపు అందులో రాయలేదు. అయినా పాడవుతున్న టేపును కాపాడుకోవడానికి ఇంట్లో ఒక కాపీ తీసి, ఎవరికీ ఇవ్వకుండా దాచుకునేవారికి ఉన్న రిస్కు నా లెక్కలో చాలా చిన్నది. లాభాపేక్ష లేదు కాబట్టి క్రిమినల్ సెక్షన్ తగలదు, ఎవరికీ నష్టమూ లేదు. నేనైతే ఆ రిస్కు తీసుకుంటాను. తీసుకుంటే సరిగ్గా చేయించండి, శబ్దాన్ని కుదించే ఎంపీత్రీ కాదు, కుదించని 24 బిట్ల వేవ్ ఫైలు. క్యాసెట్టు తిప్పినచోట పాట తెగి ఉంటుంది. అక్కడ అతికించి సరిచేయమని చెప్పకండి, తెగినది తెగినట్టే ఉంచండి.

మూడోది, ఒక ఆర్కైవుకు, అంటే పాత రికార్డులు భద్రపరిచే సంస్థకు రాయండి. క్లీవ్‌లాండ్‌లోని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు సొంత లైబ్రరీ, ఆర్కైవ్ ఉన్నాయి. మీ దగ్గరి యూనివర్సిటీల సంగీత లైబ్రరీలనూ అడగవచ్చు. క్యాసెట్లు పంపకుండా ముందు ఉత్తరం మాత్రమే రాయండి: ఏ కచేరీ, ఏ తేదీ, ఎన్ని నిమిషాలు, ఎవరు రికార్డు చేశారు. వాళ్లు ఒప్పుకుంటే, అక్కడికి వచ్చి వినడానికే తప్ప కాపీలు ఇవ్వడానికి వీల్లేదన్న షరతుతో భద్రపరిచే ఒప్పందం రాసుకోండి. ఆ ఒప్పందం టెక్సస్ లైసెన్సు ఉన్న కాపీరైటు లాయరుకు చూపించాకే సంతకం పెట్టండి. కళాకారుల మేనేజర్లకూ, పోయినవారి ఎస్టేట్లకూ, అంటే వాళ్ల హక్కులు చూసుకునే వారసులకూ, ఒక ఉత్తరం రాయడంలో తప్పులేదు. వేదిక మీద ఉన్న అందరి అనుమతీ దొరకడం కష్టం. కానీ ఎప్పుడైనా ఆ టూరు పాటలను అధికారికంగా తేవాలని వాళ్లు అనుకుంటే, మీ టేపు ఎక్కడుందో వాళ్లకు తెలిసి ఉండాలి.

మీ విల్లులో ఈ క్యాసెట్లకు ఒక లైను రాయించండి. లేకపోతే పాత సామాను కింద గరాజ్ సేలులో డాలరుకు పోతాయి.

చివరగా, మీరు అడగనిది ఒకటి. మీ స్నేహితుడి భార్యను పిల్లలతో సహా ఒక ఆదివారం భోజనానికి పిలవండి. రెండో క్యాసెట్టు పెట్టి ఆ మాట దగ్గరికి తీసుకెళ్లండి. ఇంట్లో కుటుంబమూ స్నేహితులూ కూర్చుని వినడం బహిరంగ ప్రదర్శన కాదని చట్టమే చెబుతోంది. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.