అమ్మేసిన కారుకి ప్రకటన నడపకు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి బావగారు ఫోన్ చేశారు. మీ పాత కార్ల యార్డు ప్రకటనల పని ఇకమీదట నువ్వే చూస్తావని, గూగుల్‌లో రోజుకి 600 రూపాయలు పెట్టడానికి ఒప్పుకున్నానని చెప్పారు. గొంతులో సంతోషం ఉంది, డబ్బు ఎటు పోతుందోనన్న బెంగా ఉంది. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది కాబట్టి రాస్తున్నాను. ఈ కాగితాలు స్టాకు పుస్తకంలోనే పెట్టుకో.

ముందు ఒక సంగతి చెప్పాలి. ఆటోనగర్‌లో నేను యార్డు పెట్టిన కొత్తల్లో, గూగుల్ ప్రకటనల్ని ఇంకా యాడ్‌వర్డ్స్ అనే రోజుల్లో, ఒక తెల్ల స్విఫ్ట్ డీజిల్‌ని ప్రకటనలో పెట్టాను. 2018లో కదా గూగుల్ యాడ్స్ అని పేరు మార్చారు, అంతకుముందు మాట. శనివారం సాయంత్రం ఆ కారు అమ్ముడైపోయింది. ప్రకటన సోమవారం ఆపుదాంలే అనుకున్నాను. ఆదివారం పొద్దున్నే ఒంగోలు నుంచి ఒకాయన భార్యనీ కొడుకునీ వెంటబెట్టుకుని బస్సులో దిగాడు. సంచిలో అడ్వాన్సు డబ్బు. ఆవిడ కొబ్బరికాయ, నిమ్మకాయలు కూడా తెచ్చుకుంది. "రాత్రి కూడా ఫోన్‌లో కనిపించిందండీ" అన్నాడాయన. అంతకుమించి ఒక్క మాట అనలేదు. మంచినీళ్లు తాగి ముగ్గురూ వెళ్లిపోయారు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

అందుకే నీకు నేను చెప్పే అసలు మాట ఇదొక్కటే: మన ప్రకటన స్టాకు పుస్తకానికి నీడలా ఉండాలి. పుస్తకంలో కారు కదిలితే ప్రకటనా కదలాలి. కొత్త కార్ల షోరూములో ఒక తెల్ల స్విఫ్ట్ అమ్ముడైతే అలాంటిదే ఇంకొకటి స్టాకుయార్డు నుంచి వస్తుంది. మనకి అలా కాదు. 2019 మోడల్, ఫస్ట్ ఓనర్, 42 వేల కిలోమీటర్లు తిరిగిన కారు మన దగ్గర ఒక్కటే ఉంటుంది. అది వెళ్లిపోతే దాని జోడీ దొరకదు.

కాబట్టి మొదటి వారం గూగుల్ ఖాతా తెరవనే వద్దు. స్టాకు పుస్తకాన్ని స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించు. ఒక్కో వరుసకి ఒక్కో కారు: మోడల్, వేరియంట్, తయారైన సంవత్సరం, ఇంధనం, కిలోమీటర్లు, ఎన్నో ఓనర్, ఆర్సీ ఏ రాష్ట్రానిది, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉంది, అడిగే ధర, యార్డులోకి వచ్చిన తేదీ. చివర్లో 'పరిస్థితి' అని ఒక గడి పెట్టు: ఉంది, టోకెన్ తీసుకున్నాం, అమ్మేశాం. టోకెన్ అడ్వాన్సు చేతిలో పడ్డ నిమిషంలో ఆ గడి మారాలి. ఎవరు మారుస్తారో పేరు పెట్టి చెప్పు. 'అందరూ చూసుకుంటారు' అన్న పని ఎవరూ చూడరు. వెబ్‌సైటులో కార్ల పేజీలు ఈ షీటు నుంచే నిండేలా సైటు కట్టిన అబ్బాయితో చేయించుకో. ప్రకటనలో పడే ధర, ఎన్ని కార్లున్నాయన్న లెక్క కూడా ఇలాంటి షీటు నుంచే తెచ్చుకునే వీలు గూగుల్ యాడ్స్‌లో ఉంది. అది కుదిరేదాకా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చేత్తోనే సరిచెయ్యి.

ఇక ప్రకటనల కట్టుబడి. ఒక్కో కారుకి ఒక్కో ప్రకటన కట్టాలని నీకు అనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ '2019 బాలెనో డెల్టా నీలం గుంటూరు' అని టైపు చేసేవాళ్లు ఎంతమంది? అంత సన్నటి కీవర్డ్ (ప్రకటన కనిపించడానికి మనం ఎంచుకునే వెతుకులాట మాట) పెడితే వెతికేవాళ్లు లేరని గూగుల్ దాన్ని పక్కన పెట్టేస్తుంది, ప్రకటన నడవనే నడవదు. మోడల్‌కి ఒక ప్రకటనల గుంపు కట్టు. బాలెనోకి ఒకటి, క్రెటాకి ఒకటి, ఎర్టిగాకి ఒకటి. ప్రతి మోడల్‌కీ సైటులో ఎప్పటికీ చెదరని పేజీ ఒకటి ఉండాలి. ఆ పూట యార్డులో ఉన్న బాలెనోలన్నీ అందులో కనిపించాలి. ఒకటి అమ్ముడైతే మిగతావి ఉంటాయి. మొత్తం అయిపోతే ఆ గుంపు ఆపెయ్. కారు దొరకదని తెలిసీ మనిషిని లోపలికి పిలవకూడదు.

'సెకండ్ హ్యాండ్ కార్స్' అన్న ఉత్త మాట జోలికి పోకు. అక్కడ కార్స్24, స్పిన్నీ, కార్‌దేఖో లాంటి పెద్దవాళ్లుంటారు, మన 600 మధ్యాహ్నానికే అయిపోతాయి. ఊరి పేరు, మోడల్ పేరు, బడ్జెట్ కలిసిన మాటలు పట్టుకో: 'యూజ్డ్ క్రెటా గుంటూరు', '5 లక్షల లోపు ఆటోమేటిక్ కారు', 'సెవెన్ సీటర్ సెకండ్స్ తెనాలి'. మనవాళ్లు చాలామంది ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు టైపు చేస్తారు, వాటినీ చేర్చు. మొదట్లో ఫ్రేజ్ మ్యాచ్ (మన మాట అర్థం ఉన్న వెతుకులాటలకి), ఎగ్జాక్ట్ మ్యాచ్ (అచ్చంగా అదే అర్థానికి) చాలు. దగ్గరి సంబంధమున్న మాటలకీ చూపే బ్రాడ్ మ్యాచ్‌కి లెక్కలు కుదిరాక వెళ్లొచ్చు.

నెగటివ్ కీవర్డ్‌ల (ఆ మాట వెతికితే మన ప్రకటన చూపొద్దని చెప్పేవి) మీద మాత్రం ఎంత ఓపిక పెడితే అంత లాభం. నాకు బాగా డబ్బు మిగిల్చింది అదే. కార్ల పేర్లకి వేరే అర్థాలుంటాయి కదా. స్విఫ్ట్ అంటే అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్ ఉంది, బ్యాంకుల స్విఫ్ట్ కోడ్ ఉంది, ఆపిల్ వాళ్ల ప్రోగ్రామింగ్ భాష ఉంది. జాజ్ అంటే సంగీతం, పోలో అంటే టీషర్టు. వీళ్లెవరూ మన కారు కొనరు. ఇవి కాక డ్రైవర్ ఉద్యోగాలు, అద్దె కార్లు, స్పేర్ పార్ట్స్, సర్వీస్ సెంటర్, చలాన్, బొమ్మ కార్లు, వాల్‌పేపర్లు, ఆన్‌రోడ్ ధర. అన్నీ నెగటివ్ జాబితాలో వెయ్యి. ఏకవచనం, బహువచనం రెండూ విడివిడిగా వెయ్యాలి. 'జాబ్' వేసినంత మాత్రాన 'జాబ్స్' ఆగదు. ప్రతి సోమవారం టీ తాగేటప్పుడు సెర్చ్ టర్మ్స్ రిపోర్టు తెరిచి, జనం నిజంగా ఏం టైపు చేసి మన దగ్గరికొచ్చారో చదువు. మూడు నెలల్లో ఆ జాబితా వందల మాటలవుతుంది.

సెట్టింగుల్లో కొన్ని చోట్ల జాగ్రత్త. సెర్చ్ క్యాంపెయిన్ (వెతికినవాళ్లకి చూపే ప్రకటనల కట్ట) పెట్టేటప్పుడు డిస్‌ప్లే నెట్‌వర్క్ (వేరే సైట్లు, యాప్‌లు), సెర్చ్ పార్ట్‌నర్స్ (గూగుల్‌తో కలిసిన వేరే వెతుకులాట సైట్లు) అన్న రెండు గళ్లలో టిక్కు తీసెయ్. ఊరు ఎంచుకునేచోట మామూలుగా 'అక్కడ ఉన్నవాళ్లు లేదా ఆ ఊరి మీద ఆసక్తి ఉన్నవాళ్లు' అని ఉంటుంది. 'అక్కడ ఉన్నవాళ్లు' అన్నదానికి మార్చు. లేకపోతే గుంటూరు కారం గురించి వెతికేవాడూ మన లెక్కలోకి రావచ్చు. గుంటూరు, తెనాలి, మంగళగిరి, పొన్నూరు, చిలకలూరిపేట, నరసరావుపేట చాలు ఇప్పటికి. సంక్రాంతి ముందు రెండు వారాలు మాత్రం హైదరాబాద్‌లో ఉండి గుంటూరు పేరుతో వెతికేవాళ్లకి వేరే క్యాంపెయిన్ పెట్టు. సొంతూరికి వచ్చి అమ్మానాన్నలకి కారు కొనిచ్చేవాళ్లు ఆ రోజుల్లోనే వస్తారు.

రోజుకి 600 అంటే రోజూ సరిగ్గా 600 అవుతుందనుకోకు. ఒక్కోరోజు రెట్టింపు దాకా, అంటే 1,200 కూడా పోవచ్చు. నెల మొత్తం మీద మాత్రం రోజు బడ్జెట్‌కి 30.4 రెట్లు (నెలకి సగటు రోజులు) దాటదు; 18,240 అవుతుంది. దానిమీద 18 శాతం జీఎస్టీ, సుమారు 3,283. ఈ లెక్క బావగారికి ముందే చెప్పు. జీఎస్టీ నంబరు ఖాతాలో ఎక్కించు. ఇన్‌పుట్ క్రెడిట్ (కట్టిన జీఎస్టీని మనం కట్టాల్సిన పన్నులో సర్దుకోవడం) సంగతి మీ ఆడిటర్‌తో మాట్లాడండి.

ఎక్కువ డబ్బు పెట్టినవాడే పైన ఉంటాడని బావగారు అన్నారు. మిర్చి యార్డులో అంతే, ఎక్కువ ధర రాసినవాడికే సరుకు. ఇక్కడ వేలంపాట ధరతోపాటు ప్రకటన పొందికా చూస్తారు. కీవర్డ్ పక్కన క్వాలిటీ స్కోర్ అని 1 నుంచి 10 దాకా ఒక అంకె ఉంటుంది. జనం క్లిక్ చేసే అవకాశం ఎంత, వెతికిన మాటకి ప్రకటన ఎంత దగ్గర, తెరుచుకున్న పేజీ ఎంత పనికొస్తుంది, ఈ మూడింటితో వచ్చే అంకె. క్రెటా అని వెతికినవాడికి హోమ్ పేజీ చూపిస్తే అది పడిపోతుంది. క్రెటాల పేజీ, ఫోన్‌లో గబుక్కున తెరుచుకునే పేజీ, గీత పడ్డ బంపర్‌ని కూడా దాచకుండా చూపించే ఫొటోలు. తక్కువ ఖర్చుతో పైన నిలబెట్టేవి ఇవే.

ఏ కారు మీద డబ్బు పెట్టాలన్నది ఇంకా ముఖ్యం. కొత్తగా వచ్చిన కారు మీద మోజు ఉంటుంది, దాన్నే ముందు పెట్టాలనిపిస్తుంది. స్ప్రెడ్‌షీట్‌లో తేదీ గడి చూడు. 5 లక్షలు పెట్టి కొన్న కారు రూపాయిన్నర వడ్డీ మీద నిలబడితే నెలకి 7,500 తినేస్తుంది. నెల దాటిన బండికే ప్రకటన డబ్బు ఎక్కువ అవసరం. కాకపోతే ఒక షరతు: దాన్ని ఎవరో ఒకరు వెతుకుతూ ఉండాలి. సెర్చ్ ప్రకటన ఉన్న కోరికను అందుకుంటుంది, లేని కోరికను పుట్టించదు. తయారీ ఆగిపోయిన మోడల్ మూలన ఉంటే దాని పేరుతో ప్రకటన వెయ్యకు, 'మూడు లక్షల లోపు డీజిల్' అన్న గుంపులోకి చేర్చు.

ప్రకటన రాసేటప్పుడు ఒక్కో శీర్షికకి 30 అక్షరాలే, అలాంటివి 15 ఇవ్వొచ్చు. వివరణలు నాలుగు, ఒక్కోటి 90. తెలుగులో ఇట్టే నిండిపోతాయి, కుదించి రాయడం అలవాటు చేసుకో. ఏ శీర్షిక పక్కన ఏది పడుతుందో గూగుల్ కలుపుకుంటుంది కాబట్టి ప్రతిదీ ఒంటరిగా నిలబడాలి. ధర రాయి. ధర చూసి వెనక్కి తగ్గినవాడు క్లిక్ చెయ్యడు, మనకి ఖర్చూ ఉండదు. తక్కువ ధర చూపించి యార్డుకి రప్పించి వేరే కారు అంటగట్టే పద్ధతి మన ఇంట్లో వద్దు. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గి కొత్త కార్ల ధరలు దిగినప్పుడు, పాత ధరలతోనే ప్రకటనలు నడిపిన యార్డులకి ఫోన్లు పడిపోవడం కళ్లారా చూశాను. ధర గడి కూడా బతికి ఉన్నదే అని గుర్తుంచుకో.

'ఏపీ రిజిస్ట్రేషన్' అన్న రెండు మాటలు శీర్షికలో పెట్టి చూడు. మన దగ్గర కొనేవాళ్లు మొదట అడిగేది అదే. తెలంగాణ (టీఎస్, టీజీ) బండి అయితే ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్, తిరుగుడు. అలాంటి బండి ఉంటే ఆ ఖర్చు ఎవరిదో పేజీలోనే రాయి. ఫోన్‌లో దాచి, యార్డులో చెబితే నమ్మకం పోతుంది.

ఫోన్ గురించి గట్టిగా చెబుతున్నాను. ప్రకటన నడిచే వేళలు, ఫోన్ ఎత్తే మనిషి ఉండే వేళలు ఒకటే కావాలి. పొద్దున 9 నుంచి రాత్రి 8 దాకా పెట్టుకో. ఎత్తగానే "ఏ కారు చూసి చేశారండీ?" అని అడిగి, తేదీతో రాయమను. గూగుల్‌లో నిమిషం దాటిన కాల్‌నే కన్వర్షన్‌గా (మనకి పనికొచ్చిన ఫలితంగా) లెక్కించేలా పెట్టు. వాట్సాప్ బటన్ నొక్కిన ప్రతివాణ్నీ లెక్కిస్తే బ్రోకర్లూ, పొరపాటున వేలు తగిలినవాళ్లూ కలిసిపోతారు. బిడ్డింగ్‌ని (క్లిక్కుకి ఎంత పాడాలన్నదాన్ని) ఆటోమేటిక్‌కి వదిలితే అది అలాంటివాళ్లనే ఇంకా వెతికి తెస్తుంది. యంత్రానికి మనం ఏది గెలుపని చెబితే అదే దాని గెలుపు. కారు అమ్ముడైన సంగతిని క్లిక్‌తో ముడిపెట్టి తిరిగి ఎక్కించే పద్ధతి ఉంది, ఆరు నెలలయ్యాక అది నేర్పిస్తాను.

లెక్క మాత్రం ఎప్పుడూ చివరి అంకెతో చూడు. నెలకి 18 వేలు పెట్టి నాలుగు కార్లు అమ్మావనుకో, కారుకి 4,500. ఆ కారు మీద మిగిలేదాంట్లో అది ఎంత అన్నదే ప్రశ్న. క్లిక్కు ఆరు రూపాయలకి వచ్చిందా, పన్నెండుకా అన్నది తర్వాతి సంగతి. ఖాతా ఎంత బాగా అమర్చామో గూగుల్ చెప్పే ఆప్టిమైజేషన్ స్కోర్ నూరు కాలేదని కంగారు పడొద్దు.

ఖాతా నీ ఈమెయిల్‌తో, యార్డు పేరుమీదే తెరువు. ప్రకటనలు నడిపే ఏజెన్సీని పెట్టుకుంటే వాళ్లకి చూసే, మార్చే హక్కు ఇవ్వు, ఖాతా ఇవ్వకు. నేను ఒకసారి ఒక ఏజెన్సీవాళ్ల ఖాతాలోనే నడిపించాను. విడిపోయాక మూడేళ్ల నెగటివ్ జాబితా, కాల్స్ లెక్క అన్నీ అక్కడే ఉండిపోయాయి. మళ్లీ ఒకటో అంకె నుంచి మొదలుపెట్టాను.

ఆషాఢం వచ్చిందని ప్రకటన ఆపకు. ఆ నెలలో డెలివరీలు ఉండవు, బావగారు బడ్జెట్ ఆపెయ్యమంటారు. నా అనుభవంలో మనవాళ్లు ఆషాఢంలో వెతుకుతారు, శ్రావణంలో కొంటారు. అప్పుడు చూసి పెట్టుకున్న యార్డుకే ముహూర్తం చూసుకుని వస్తారు. మిర్చి డబ్బులు చేతికొచ్చే వేసవి రోజుల్లో పల్నాడు వైపు పెద్ద బళ్లకి గిరాకీ ఉంటుంది, ఆ నెలల్లో నరసరావుపేటకి బడ్జెట్ పెంచు. మిర్చికి ధర పలకని సంవత్సరం పెంచకు.

వచ్చే ఆదివారం నేనూ అత్తయ్యా గుంటూరు వస్తున్నాం. అప్పటికి స్ప్రెడ్‌షీట్ సిద్ధంగా ఉంచు. యార్డులో వరుసగా నడుస్తూ ఒక్కో కారు నంబరు నేను చదువుతాను, నువ్వు షీటులో చూసి చెప్పు. లెక్క తప్పకుండా కుదిరితే ఆ సాయంత్రమే కూర్చుని మొదటి క్యాంపెయిన్ పెట్టేద్దాం.

మీ మామయ్య