టెక్ సందేహాలు: కుంచె గీత మచ్చ కాదు

ప్రశ్న: కొత్తగా 55 అంగుళాల 4కె టీవీ కొన్నాం. మా బాబుకి పాత టామ్ అండ్ జెర్రీ పెడితే గోడలు, నేల ప్లాస్టిక్‌లా నున్నగా కనిపిస్తున్నాయి. టామ్ పరిగెడుతుంటే చుట్టూ నీళ్లు కదిలినట్టు ఏదో వణుకుతోంది. పాత కార్టూన్లని ఏఐతో 4కె చేస్తుందంటూ వాట్సాప్‌లో ఒకరు ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా వేసుకునే యాప్) పంపారు. వేసుకోవచ్చా? (ఒక పాఠకుడు, కాకినాడ)

వేసుకోవద్దు. ఎందుకో చెప్తాను, ముందు టీవీ సంగతి. ఈ ఉత్తరం రాని నెల లేదు.

1940, 50ల్లో థియేటర్ల కోసం తీసిన ఆ కార్టూన్లలో గది, వీధి, ఎడారి అన్నీ కాగితం మీద కుంచెతో వేసినవే. టామ్ ఇంటి గోడలకి, తివాచీలకి రాబర్ట్ జెంటిల్ రంగులేశాడు. 1950ల్లో రోడ్ రన్నర్ అనే మరో కార్టూన్‌లోని ఎడారి రాళ్లని చాలావరకు మారిస్ నోబుల్ డిజైన్ చేస్తే, ఫిలిప్ డిగార్డ్ పెయింట్ చేశాడు. కదిలే బొమ్మలు మాత్రం పారదర్శకమైన షీట్ల మీద ఉండేవి. గీత ముందువైపు, చదునైన రంగు వెనకవైపు. చిన్నప్పుడు గమనించే ఉంటారు, వరసగా పది రాళ్లుంటే అందులో ఏది దొర్లబోతోందో ముందే తెలిసిపోయేది. ఆ ఒక్కటే షీట్ మీదది, రంగులో తేడా కొట్టేది.

ఇప్పుడు మీ టీవీలోని నాయిస్ రిడక్షన్ చేసే పని చూడండి. ఫిల్మ్ గ్రెయిన్ (ఫిల్మ్ మీద సహజంగా ఉండే సన్నటి రవ్వలు), కాగితం గరుకు, కుంచె ఆగిన చోట మిగిలిన చార, అన్నీ దానికి మురికే. తుడిచేస్తుంది. మిగతా తొమ్మిది రాళ్లూ ఆ దొర్లే రాయిలాగే చదునుగా అయిపోతాయి. డీవీడీల రోజుల్లోనూ ఇదే తంతు. శుభ్రం చేస్తున్నామని సాఫ్ట్‌వేర్‌కి అప్పగిస్తే కొన్ని కార్టూన్లలో బొమ్మల సన్నటి ఇంకు గీతలే ఎగిరిపోయాయి.

ఆ వణుకు మోషన్ స్మూతింగ్ వల్ల. సినిమా సెకనుకి 24 ఫ్రేములు. కార్టూన్లో చాలా చోట్ల ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు నిలబెడతారు, అంటే సెకనుకి 12 బొమ్మలే. వెనక పొడవాటి పెయింటింగ్ మాత్రం ప్రతి ఫ్రేముకీ జరుగుతూ ఉంటుంది. మధ్యలో లేని ఫ్రేములని టీవీ సొంతంగా ఊహించి ఇరికిస్తే టామ్ తోక చుట్టూ గోడ కరిగినట్టు కనిపించక ఏమవుతుంది? పిక్చర్ సెట్టింగ్స్‌లో నాయిస్ రిడక్షన్, మోషన్ స్మూతింగ్ రెండూ ఆఫ్ చేయండి, షార్ప్‌నెస్ బాగా తగ్గించండి. సినిమాని తీసింది తీసినట్టే చూపించే ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది పెట్టేస్తే చాలు.

అప్‌డేట్ వచ్చాక మళ్లీ చూసుకోండి. నేను ఆఫ్ చేసినవి మా ఇంట్లో టీవీ రెండుసార్లు తనే ఆన్ చేసుకుంది. డబ్బు పెట్టి కొన్నది మనం, పెత్తనం దానిది.

ఇక ఆ ఏపీకే. అసలు భయం నాకు ఇక్కడే. ఇలాంటి యాప్ ఫోన్లో వేయగానే యాక్సెసిబిలిటీ పర్మిషన్ అడుగుతుంది, తర్వాత మెసేజ్‌లు, నోటిఫికేషన్లు. కార్టూన్ చూపించేదానికి మీ మెసేజ్‌లతో పనేంటి? యాక్సెసిబిలిటీ ఇచ్చారంటే మీ స్క్రీన్ మీద ఉన్నది చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. మెసేజ్‌లు కూడా ఇస్తే ఓటీపీ దాని చేతిలో ఉన్నట్టే. టీవీలో వేస్తే ఇంకో తంటా, మీ ఇంటి నెట్‌ని ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ల ట్రాఫిక్‌కి దారిగా వాడుకునే యాప్‌లు ఉన్నాయి. ‘మా బావగారే పంపారండీ’ అంటారు. ఆయనకీ ఎవరో పంపిందేగా!

ఇప్పటికే వేసి ఉంటే వెంటనే ఫోన్ నెట్ ఆపి, యాప్ తీసేయండి. తీయనివ్వకపోతే సేఫ్ మోడ్‌లో ప్రయత్నించండి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పి, పాస్‌వర్డ్‌లు మార్చండి. డబ్బు పోయిందా, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయడానికి తెల్లారేదాకా ఆగొద్దు.

ప్రశ్న: పాత కార్టూన్లకి టీవీలో రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తున్నాయి. ఎలా పోగొట్టాలి? (ఒక పాఠకురాలు, వరంగల్)

పోగొట్టకండి. ఆ బొమ్మలు దాదాపు 4:3 ఆకారంలో గీసినవి. సాగదీస్తే జెర్రీ పందికొక్కులా తయారవుతుంది, జూమ్ చేస్తే పైకప్పు, నేల తెగిపోతాయి. 1954 నుంచి కొన్ని సినిమాస్కోప్‌లో, అంటే బాగా వెడల్పాటి తెర కోసం తీశారు, వాటికి పట్టీలు పైనా కిందా వస్తాయి. వాటినీ వదిలేయండి. పట్టీల వెనక బొమ్మేమీ దాక్కుని లేదు.