క్యాట్ తీసేసిన ఆక్టేవియా పొల్యూషన్ టెస్టులో ఫెయిలైతే
తమ్ముడూ, బొబ్బిలిలో నీ 2006 స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్‌కి క్యాటలిటిక్ కన్వర్టర్ (క్యాట్, అంటే పొగలోని విషవాయువుల్ని తగ్గించే డబ్బా) తీయించి, రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్పు) చేయించాక ఆర్‌సీ రెన్యువల్ ముందు పొల్యూషన్ టెస్టులో ఫెయిలైందని రాశావు కదా. టెన్షన్ పడకు, సరి చేయొచ్చు. బీఎస్-2, బీఎస్-3 (భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణాలు) పెట్రోల్ కార్లకి ఐడిల్‌లో, అంటే బండి నిలబడి ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం, హైడ్రోకార్బన్లు 750 పీపీఎం దాటకూడదు, క్యాట్ లేకుండా ఆ లెక్కలో ఉండటం చాలా కష్టం.

పాత క్యాట్ దాచి ఉంటే ముందు అది బిగించు. తర్వాత ఒక స్పార్క్ ప్లగ్ విప్పి చూడు, మొన లేత గోధుమ రంగులో కాకుండా పొయ్యి మసిలా నల్లగా ఉందంటే పెట్రోల్ ఎక్కువ పడుతోంది. నాకూ ఇలాగే అయింది. రీమ్యాప్ చేసినవాడు మ్యాప్‌దే తప్పన్నాడు, తీరా చూస్తే ఆక్సిజన్ సెన్సర్ పోయింది! అందుకే సెన్సర్, పగిలిన వాక్యూమ్ గొట్టాలు చూపించాకే స్టాక్ ఫైల్ (కంపెనీ ఇచ్చిన అసలు సాఫ్ట్‌వేర్) ఎక్కించు. టెస్టుకి ముందు విజయనగరం వైపు ఓ అరగంట నడుపు, క్యాట్ బాగా వేడెక్కితేనే పనిచేస్తుంది.

పవర్ కావాలంటే కొత్త ప్లగ్‌లు, కాయిల్స్, ఇంటర్‌కూలర్ గొట్టాల లీకులు చూపించుకో, కారు 150 గుర్రాల్లో (హార్స్‌పవర్) పోయినవి చాలావరకు అక్కడే దొరుకుతాయి. ఇంజిన్ మార్చే ఆలోచన ఉంటే మాత్రం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్టీఓ అనుమతి ముందే తీసుకో.