కొండదారి బండికి బేస్ మోడల్ చాలునా, టాప్ మోడల్ కావాలా?

ప్రశ్న: నేను పాడేరు ఏజెన్సీలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్నాను. బడికి వెళ్ళే దారిలో చివరి ఆరు కిలోమీటర్లు మట్టిరోడ్డే. వానాకాలంలో మోటారు సైకిల్ కూడా కదలదు. అందుకని మారుతి జిమ్నీ కొని, పెద్ద టైర్లు, ఎత్తు పెంచే స్ప్రింగులు, ముందు ఉక్కు బంపరు, విన్చ్ (కూరుకుపోయిన బండిని తాడుతో లాగే యంత్రం) అమర్చుకోవాలని అనుకుంటున్నాను. ఎలాగూ మార్పులు చేయిస్తాను కాబట్టి తక్కువ ధర ఉన్న జీటా తీసుకుని మిగిలిన డబ్బు వాటికి పెట్టమంటారా? టాప్ మోడల్ ఆల్ఫా తీసుకుంటేనే తిరిగి అమ్మేటప్పుడు ధర పలుకుతుందని మిత్రులు అంటున్నారు.

జవాబు: మీ అవసరానికి జీటా చాలునని నా అభిప్రాయం. హెడ్‌లైట్ల విషయంలో మాత్రం మీరు కొంత ఆలోచించవలసి ఉంటుంది. దాన్ని తర్వాత చెబుతాను.

ఇటువంటి బండి కొనబోయేవారు షోరూములో లోపల కూర్చుని తెర ఎంత పెద్దదో చూసే ముందు, ఒకసారి వంగి బండి అడుగుభాగం చూడడం మంచిది. జిమ్నీ 2023 జూన్‌లో మన మార్కెట్‌లోకి వచ్చినప్పుడు జీటా, ఆల్ఫా అని రెండు రకాలుగా వచ్చింది. రెంటిలోనూ అదే 1.5 లీటర్ల పెట్రోలు ఇంజను, అదే ల్యాడర్ ఫ్రేమ్ ఛాసిస్ (నిచ్చెన ఆకారపు ఉక్కు చట్రం), ముందూ వెనకా అవే రిజిడ్ యాక్సిళ్ళు (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు), బండిని నెమ్మదిగా, ఎక్కువ బలంతో నడిపే లో రేంజ్ గేరు ఉన్న అదే ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె) ఉన్నాయి. గ్రౌండ్ క్లియరెన్స్ రెంటికీ 210 మిల్లీమీటర్లే, టైరు కొలత 195/80 ఆర్15 మాత్రమే. ఆరు ఎయిర్‌బ్యాగులు, బండి అదుపు తప్పి జారకుండా చూసే ఈఎస్‌పీ, ఎత్తు మీద బండి వెనక్కి జారకుండా పట్టే హిల్ హోల్డ్, దిగుడులో వేగాన్ని అదుపుచేసే హిల్ డిసెంట్ కంట్రోల్ కూడా రెంటికీ ఇచ్చారు. అంటే బురదలోనూ, రాళ్ళలోనూ మిమ్మల్ని గట్టెక్కించే భాగాలన్నీ జీటాలోనే ఉన్నాయి. ఆల్ఫాలో అదనంగా వచ్చేవి ఏడు అంగుళాల తెర స్థానంలో తొమ్మిది అంగుళాల తెర, అలాయ్ చక్రాలు, ఎల్‌ఈడీ హెడ్‌లైట్లు, వాటిని కడిగే వాషర్లు, క్రూయిజ్ కంట్రోల్, ఆటోమేటిక్ ఏసీ, మీట నొక్కి స్టార్టు చేసే సౌకర్యం మొదలైనవి.

విడుదలనాటి ఎక్స్ షోరూమ్ ధరల్లో మాన్యువల్ జీటాకు, మాన్యువల్ ఆల్ఫాకు మధ్య తేడా 95,000 రూపాయలు. లైఫ్ ట్యాక్సును బండి ధర మీదనే లెక్కిస్తారు, ఇన్సూరెన్సు ప్రీమియం కూడా ధరతోపాటే పెరుగుతుంది కాబట్టి రోడ్డెక్కేసరికి ఆ తేడా లక్ష దాటుతుంది. ఆ డబ్బులో మంచి ఆల్ టెర్రైన్ టైర్లు (తారురోడ్డుకూ, మట్టిదారికీ పనికివచ్చేవి), గాలి నింపుకొనే చిన్న కంప్రెసరు, బండిని లాగడానికి పనికివచ్చే గట్టి తాడు, దాన్ని బండికి తగిలించే ఉక్కు కొక్కేలు (షాకిళ్ళు) వచ్చి ఇంకా కొంత మిగులుతుంది. పైగా జీటాకు వచ్చే ఉక్కు చక్రాలు మీ దారికి అలాయ్ చక్రాలకంటే నయం. రాయి తగిలితే ఉక్కు చక్రం అంచు వంగుతుంది, దాన్ని ఊళ్ళోని టైర్ల షాపులోనైనా సుత్తితో సరిచేసి ఇంటికి చేర్చగలరు. అలాయ్ చక్రం పగిలితే అక్కడికక్కడ చేయగలిగింది ఏమీ ఉండదు.

ఇక మీరు రాసిన మార్పుల గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఏ మోడల్ కొనాలన్న ప్రశ్నకంటే ఇక్కడే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకుంటున్నారు. రిజిడ్ యాక్సిల్ బండికి అడుగున అన్నిటికంటే కిందకు ఉండేది యాక్సిల్ మధ్యలోని డిఫరెన్షియల్ గుండు, అంటే రెండు పక్కల చక్రాలకూ బలాన్ని పంచే గేర్లు ఉన్న భాగం. స్ప్రింగులు మార్చి బండిని 50 మిల్లీమీటర్లు లేపినా ఆ గుండు ఒక్క మిల్లీమీటరు కూడా పైకి రాదు. దాన్ని పైకి లేపగలిగేది పెద్ద టైరు ఒక్కటే. అయితే పెద్ద టైరుకూ ఒక లెక్క ఉంది. కంపెనీ ఇచ్చిన 195/80 ఆర్15 టైరు వ్యాసం సుమారు 693 మిల్లీమీటర్లు, చాలామంది మోజుపడే 235/75 ఆర్15 వ్యాసం సుమారు 733. వ్యాసం 40 పెరిగితే గుండు కింద పెరిగే ఎత్తు అందులో సగం, అంటే 20 మాత్రమే. ఆ రెండు సెంటీమీటర్ల కోసం 134 న్యూటన్ మీటర్ల టార్కు (తిప్పే బలం) మాత్రమే ఉన్న ఇంజను ప్రతి ఎత్తు మీదా బరువైన, వెడల్పైన టైర్లను తిప్పవలసి వస్తుంది. స్పీడోమీటరు 100 చూపినప్పుడు బండి నిజంగా 106 దాకా పోతూ ఉంటుంది. అందువల్ల కంపెనీ కొలతలోనే ఆల్ టెర్రైన్ రకం టైర్లు వేయించుకోండి. బురదలో ప్రధానంగా పట్టు ఇచ్చేవి టైరు మీది లోతైన గాడులు. అవి ఉంటే వెడల్పు లేకపోయినా బండి నడుస్తుంది.

బండిని లేపడం వల్ల మరో చిక్కు కూడా ఉంది. జిమ్నీలో యాక్సిల్ అటూ ఇటూ జరగకుండా పట్టి ఉంచేది ప్యానార్డ్ రాడ్. దాని ఒక కొస ఛాసిస్‌కు, మరొక కొస యాక్సిల్‌కు బిగించి ఉంటుంది. స్ప్రింగులు మాత్రం మార్చి బండిని లేపితే ఆ రాడ్డు కోణం మారి యాక్సిల్ ఒక పక్కకు జరుగుతుంది. ముందు చక్రాల క్యాస్టర్ కోణం (స్టీరింగు తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం) తగ్గడంతో మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను నేరుగా రాదు. అది సరిచేయాలంటే సర్దుబాటుకు వీలైన రాడ్డు, క్యాస్టర్‌ను సరిచేసే బుష్‌లు వేయించుకోవాలి. స్ప్రింగులు అమ్మే షాపులవారు ఈ మాట ముందుగా చెప్పడం నేను అరుదుగా విన్నాను. పాడేరు ఘాట్‌లో వానలో దిగుతున్నప్పుడు స్టీరింగు తడబడితే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఉక్కు బంపరు, విన్చ్ అసలు వద్దు. బండి ఖాళీ బరువు సుమారు 1,200 కిలోలు, మనుషులతో, సామానుతో కలిపి అనుమతించిన గరిష్ఠ బరువు 1,545 కిలోలు. నలుగురు పెద్దవాళ్ళు కూర్చుంటే 280 కిలోలదాకా అయిపోతుంది, మిగిలేది 65 కిలోలు. ఆ బంపరూ విన్చూ కలిసి అంతకు మించిపోవచ్చు, అదీ అంతా ముందు యాక్సిల్ మీదే పడుతుంది. చట్టం కూడా దీన్ని ఒప్పుకోదు. ముందు బిగించే బుల్ బార్లు (బంపరుకు అదనంగా పెట్టే ఉక్కు కడ్డీలు) మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమని కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు తెలియజేసింది. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్లకు భిన్నంగా బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో తీర్పు ఇచ్చింది. అదే ఏడాది సవరించిన చట్టంలోని 182ఎ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ప్రతి మార్పుకూ యజమానికి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలలదాకా జైలు గాని, రెండూ గాని పడవచ్చు. జరిమానా ఎలాగో కట్టుకోవచ్చు. ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్సువారు ఆ మార్పును చూపి క్లెయిము తిరస్కరిస్తే ఆ నష్టాన్ని ఉపాధ్యాయుని జీతం మోయలేదు.

ఇప్పుడు హెడ్‌లైట్ల సంగతి. జీటాలో ఉన్నవి హాలోజన్ దీపాలు. మీరు రోజూ చీకటి పడ్డాకే పొగమంచులో ఘాట్ దిగి రావలసి ఉంటే ఆల్ఫాకు ఎక్కువ పెట్టడాన్ని నేను తప్పుపట్టను, ఎందుకంటే ఎల్‌ఈడీ హెడ్‌లైటు జీటాలో తర్వాత చక్కగా కలుపుకోవడానికి వీలుకాని ఒక్క వస్తువు. హాలోజన్ కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో బజారు ఎల్‌ఈడీ బల్బు పెడితే వెలుగు రోడ్డు మీద పడకుండా ఎదుటివారి కళ్ళలో పడుతుంది. సాయంత్రం అయిదుకల్లా ఇల్లు చేరే ఉద్యోగమైతే మాత్రం జీటాయే తీసుకోండి. తిరిగి అమ్మేటప్పటి విలువ అని మీ మిత్రులు చెప్పిన మాటలో కొంత నిజం ఉంది గాని, కొనేటప్పుడు ఎక్కువ పెట్టిన మొత్తమంతా అమ్మేటప్పుడు తిరిగి రాదు. మార్పులు చేసిన బండికైతే టాప్ మోడల్ అయినా కొనేవాళ్ళు తగ్గుతారు.

టైర్లు మార్చాక మొదటి వానకు ముందే ఒక సాధన చేయండి. ఈ బండిలో ఒక చక్రం గాలిలో తిరిగిపోతుంటే దానికి బ్రేకు వేసి రెండో చక్రానికి బలం పంపే ఏర్పాటు ఉంది. చక్రం కొంత తిరిగితేనే అది పనిచేస్తుంది. కొత్తవాళ్ళు చక్రం తిరగగానే భయపడి యాక్సిలరేటరు వదిలేస్తారు, దానితో బండి అక్కడే కూరుకుపోతుంది. లో రేంజ్‌లో కాలు కదపకుండా సమంగా నొక్కి పట్టడం నేర్చుకుంటే మీ ఆరు కిలోమీటర్లలో విన్చ్ అవసరం వస్తుందని నేను అనుకోను.

ప్రశ్న: మాది వికారాబాద్. మహీంద్రా థార్ రాక్స్‌లో అన్నిటికంటే చవకైన మోడల్ కొని, తర్వాత వీలు చూసుకుని ఫోర్ వీల్ డ్రైవ్ పెట్టించుకోవచ్చునా?

జవాబు: వద్దండీ. పైన జిమ్నీ విషయంలో బేస్ మోడల్ తీసుకోమన్నది రెండు రకాలకూ అడుగుభాగం ఒకటే కాబట్టి. రాక్స్‌లో అది వర్తించదు. 2024 ఆగస్టులో విడుదలైనప్పుడు బేస్ మోడల్ ఎంఎక్స్1కు వెనక చక్రాలకే బలం వెళ్ళేది. ఫోర్ వీల్ డ్రైవ్‌ను డీజిల్ ఇంజనుతో, ఎంఎక్స్5, ఏఎక్స్5ఎల్, ఏఎక్స్7ఎల్ మోడళ్ళలో మాత్రమే ఇచ్చారు. తర్వాత పెట్టించాలంటే ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు డిఫరెన్షియల్, షాఫ్టులు, వాటిని నడిపే ఎలక్ట్రానిక్ యూనిట్లు అన్నీ కావాలి. ఆ ఖర్చుకు అంతు ఉండదు, ఆర్‌టీఓ కార్యాలయం దాన్ని ఆమోదించదు. డబ్బు ఇప్పుడు చాలకపోతే ఒక ఏడాది ఆగి ఎంఎక్స్5 ఫోర్ వీల్ డ్రైవ్ కొనండి, లేదా అదే రకం సెకండ్ హ్యాండ్ బండి చూడండి.

ప్రశ్న: నేను నిరుడే జిమ్నీ ఆల్ఫా కొన్నాను. పొరపాటు చేశానా?

జవాబు: లేదు, మంచి బండి కొన్నారు. అలాయ్ చక్రాలను ఊరి ప్రయాణాలకు ఉంచుకుని, జీటాకు వచ్చే ఉక్కు చక్రాలు ఒక సెట్టు కొని వాటికి ఆల్ టెర్రైన్ టైర్లు ఎక్కించండి. కొలత అదే కాబట్టి చట్టపరంగా చిక్కు ఉండదు. చక్రాలు మార్చిన ప్రతిసారీ మొదటి 50 కిలోమీటర్లు తిరిగాక నట్లను టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగించామో చూపే పానాతో) మరొకసారి బిగించి చూసుకోండి.