స్టీమ్ వాల్వ్ గ్లాండ్ ప్యాకింగ్ మార్చినా ఆవిరి ఎందుకు కారుతుంది?

ఆరు నెలల్లో రెండుసార్లు గ్లాండ్ ప్యాకింగ్ (ఆవిరి కారకుండా ఆపే రింగులు) మార్చినా మీ స్టీమ్ గేట్ వాల్వు స్పిండిల్ (వాల్వును తెరిచి మూసే కడ్డీ) పక్కనుంచి ఆవిరి చిమ్ముతూనే ఉందనీ, నట్లు ఇంకా బిగించవచ్చా అనీ అడిగారు. ప్యాకింగును అదిమే గ్లాండ్ ఇప్పటికే అడుగుదాకా దిగిపోయి ఉంటే బిగించి లాభం లేదు. ఇంకా చోటుంటే రెండు నట్లనూ మార్చి మార్చి కొద్దికొద్దిగా తిప్పండి గాని, తుప్పు పట్టిన బోల్టుల మీద ఒత్తిడి ఉన్న లైనులో దయచేసి స్పానర్ వేయకండి.

చక్కెర మిల్లు బాయిలర్ విభాగంలో నాకూ ఇదే సమస్య వచ్చింది. లైను ఆపి, ఆవిరి పూర్తిగా వదిలించి, ప్యాకింగ్ తీశాక, అది కూర్చునే అర అయిన స్టఫింగ్ బాక్సులోకి సన్నని కమ్మీ దించి కొలిస్తే, డ్రాయింగు ప్రకారం 40 మిల్లీమీటర్లు ఉండవలసిన లోతు 26 దగ్గరే ఆగిపోయింది. టార్చి వేసి చూస్తే, ఎవరో ఎప్పుడో వదిలేసిన రెండు పాత రింగులు రాయిలా గట్టిపడి అడుగున కూర్చుని ఉన్నాయి. వాటి మీద ఎన్ని కొత్త రింగులు పేర్చినా సరిగా కుదురుకోవు. పాత ప్యాకింగులో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంటే మాత్రం తడిపి తీయాలి, గాలి కొట్టి ఊదకూడదు.

రింగులన్నీ బయటికి వచ్చాక స్పిండిల్‌ను తుడిచి గోటితో నిలువునా గీరి చూశాను. ప్యాకింగ్ ఆనే చోట గోరు తట్టుకునేంత గుంటలు తగిలాయి. చెరకు క్రషింగ్ సీజను ముగిసి నెలల తరబడి వాల్వు కదలకుండా ఉన్నప్పుడు, తడి గ్రాఫైట్ ఆనిన చోట 13 శాతం క్రోమియం ఉక్కుకు ఇలాంటి గుంటలు పడతాయి. ఆ గరుకు, వాల్వు తిప్పిన ప్రతిసారీ కొత్త రింగును కోరేస్తుంది కనుక స్పిండిల్‌నే మార్చవలసి వచ్చింది. మీ వాల్వులో కూడా ముందుగా చూడవలసింది ఇదేనని నా నమ్మకం.

కొత్తగా వేసేటప్పుడు రింగులను స్పిండిల్ సైజు కడ్డీకి చుట్టి 45 డిగ్రీల వాలులో కోసి, అతుకులు ఒకదాని కింద ఒకటి రాకుండా 90 డిగ్రీల చొప్పున జరుపుతూ, ఒక్కో రింగునూ విడిగా అదిమి కూర్చోబెట్టండి. సాధారణంగా ఐదు రింగులు చాలు. అంతకు మించితే అడుగు రింగులకు బిగింపు అందదు. 260 డిగ్రీల సెల్సియస్ దాటిన ఆవిరికి టెఫ్లాన్ పనికిరాదు, గ్రాఫైటే వేయాలి. బిగించాక వాల్వును ఐదారుసార్లు పూర్తిగా తెరిచి మూసి మళ్లీ బిగించండి. మొదటి బిగింపు అప్పుడు తప్పకుండా వదులవుతుంది.