‘తెల్ల’ అన్న మాట ఎక్కడ చేర్చారో ముందు చూడు

ప్రియమైన తమ్ముడికి,

అమెరికా నల్లజాతి సైకిల్ రేసరు మేజర్ టేలర్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేజీలోనే ‘వివక్ష’ అన్న మాట 11 సార్లు ఉంది. అదెలా చేశారు, ఎవరు చేశారు, ఏ కాగితం మీద, ట్రాక్‌లో ఏ మలుపు దగ్గర అన్నది మాత్రం ఒక్కచోటా లేదు. ఆ మాటలో తొమ్మిది కొట్టేసి, ఆ ఖాళీల్లో జరిగిన పని పెట్టు.

ముందు చిన్న తప్పు దిద్దుకో. ‘సైన్యంలో మేజర్‌గా పనిచేసిన టేలర్’ అన్నావు. అతను ఏ సైన్యంలోనూ లేడు. అసలు పేరు మార్షల్ వాల్టర్ టేలర్, 1878 నవంబరు 26న ఇండియానాపొలిస్‌లో పుట్టాడు. అక్కడి హే అండ్ విల్లిట్స్ సైకిల్ షాపువాళ్ళు వారానికి 6 డాలర్లకు కుర్రాణ్ణి పనిలో పెట్టుకుని, సిపాయి దుస్తులు తొడిగి, షాపు ముందు సైకిల్ మీద విన్యాసాలు చేయించారు. ‘మేజర్’ అన్న పిలుపు ఆ దుస్తుల పుణ్యమే. అదే ఊళ్ళో వై.ఎం.సి.ఎ. వ్యాయామశాలలో అతనికి ప్రవేశం లేదు. తండ్రి సదర్డ్ అనే తెల్ల కుటుంబం దగ్గర గుర్రబ్బండి తోలేవాడు. ఆ ఇంటి పిల్లాడూ వాడి స్నేహితులూ కింద కసరత్తు చేస్తుంటే ఇతను పైన గ్యాలరీలోంచి చూడాల్సి వచ్చేదని ఆత్మకథలో రాసుకున్నాడు. షాపు ముందు జనాన్ని పోగుచెయ్యడానికి పనికొచ్చినవాడు వ్యాయామశాల నేల మీద కాలు పెట్టకూడదు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి ఊరుకో. వ్యాఖ్యానం వద్దు.

ఇక పెద్ద తప్పు. ‘1894లో నల్లవాళ్ళను సైకిల్ పందేల నుంచి నిషేధించారు’ అని రాశావు. అలా జరగలేదు. ఆ ఏడాది కెంటకీలోని లూయివిల్‌లో లీగ్ ఆఫ్ అమెరికన్ వీల్మెన్ అనే సైకిల్ సంఘం సమావేశమై, నిబంధనావళిలో సభ్యుడెవరో చెప్పే వాక్యంలోకి ‘తెల్ల’ అన్న ఒక్క మాట చేర్చింది. అనుకూలం 127, వ్యతిరేకం 54. ముందుండి నడిపించినవాడు విలియం వాట్స్ అనే లూయివిల్ లాయరు. మూసింది సభ్యత్వం తలుపు, పందెం తలుపు కాదు. లీగ్ రేసింగ్ బోర్డులో నమోదైన నల్లజాతి రేసరు లీగ్ అనుమతించిన పందేల్లో దిగవచ్చు. ఇది పట్టుకోకపోతే 1896లో టేలర్ ప్రొఫెషనల్ ఎలా అయ్యాడన్నది నీ పాఠకుడికి అంతుపట్టదు.

మరి అడ్డం పడిందెవరు? 1897లో దక్షిణాది నిర్వాహకులు అతని ఎంట్రీలు తిప్పి పంపారు. జాతీయ ఛాంపియన్‌ను తేల్చేది ఊరూరా తిరిగి పోగేసుకునే పాయింట్లు. కొన్ని ఊళ్ళల్లో బరిలోకే రానివ్వకపోతే, మిగతాచోట్ల ఎంత గెలిచినా లెక్క తేలదు. ఇదీ పని జరిగే తీరు: ఎవరూ ‘నువ్వు ఛాంపియన్ కాకూడదు’ అని అనక్కర్లేదు, నాలుగు ఊళ్ళల్లో ఫారం తిప్పి పంపితే చాలు.

ఇందులోనే ఇంకో మెలిక ఉంది, నువ్వు దాన్ని వదిలేశావు. 1898లో ప్రొఫెషనల్ రేసర్లు లీగ్‌తో తెగతెంపులు చేసుకుని వేరు కుంపటి పెట్టారు. ఆదివారం పందేలు వాళ్ళ కోరికల్లో ఒకటి. టేలర్ భక్తుడైన బాప్టిస్టు, ఆదివారం తొక్కడు. మొదట వాళ్ళతో వెళ్ళి, తర్వాత లీగ్‌కే తిరిగొచ్చాడు. తనను సభ్యుడిగా ఒప్పుకోని సంస్థే అతనికి నీడ అయింది. 1900లో కొత్త సంస్థ 500 డాలర్ల జరిమానా కట్టించుకుని లోపలికి రానిచ్చింది, ఆ ఏడాదే అతను జాతీయ స్ప్రింట్ ఛాంపియన్ అయ్యాడు. లీగ్‌ను రాక్షసిగానూ రక్షకుడిగానూ చూపకు, రెండూ చెప్పు. ఆ ‘తెల్ల’ నిబంధనను తప్పని అధికారికంగా ఒప్పుకుని తోసిపుచ్చింది 1999లో అని కూడా రాయి.

నల్లజాతి సైక్లిస్టు కిటీ నాక్స్‌కు ఒక్క వాక్యం ఇచ్చి దాటేశావు. అన్యాయం. బోస్టన్‌లో బట్టలు కుట్టే అమ్మాయి, తన సైక్లింగ్ దుస్తులు తానే కుట్టుకుంది. పొడుగు గౌనులో కాళ్ళు ఆడవు, చైన్‌లో బట్ట చిక్కుకుంటుంది, అందుకని మోకాళ్ళ కింద బిగిసే నిక్కరు. ఆ దుస్తులకే 1895 జూలైలో వాల్థమ్‌లో బహుమతి వచ్చింది. అదే నెల న్యూజెర్సీలోని యాస్‌బరీ పార్క్ అనే ఊళ్ళో లీగ్ సమావేశానికి సభ్యత్వ కార్డు పట్టుకుని వెళ్ళింది. కార్డు 1893 నాటిది, అంటే నిబంధన కంటే ముందుది. అక్కడ ఏం జరిగిందన్న దగ్గర ఆనాటి పత్రికలు తలో రకంగా రాశాయి: లోపలికి రానివ్వలేదని కొన్ని, కాదని కొన్ని. నీకు నచ్చిన కథనం ఒకటి ఏరుకుని అదే నిజమన్నట్టు రాయొద్దు. పత్రికలు ఒకమాట మీద లేవనే రాయి. నిబంధన పాత సభ్యులకు వర్తించదని లీగ్ తరఫున చెప్పారు, ఆమె సభ్యత్వం నిలిచింది. అది గట్టి నేల, దాని మీద నిలబడు.

ఇప్పుడు ట్రాక్ మీదికి వద్దాం. ‘తెల్ల రేసర్లు అతన్ని అడ్డుకున్నారు’ అంటే ఎవరికీ ఏమీ కనబడదు. వాళ్ళు చేసింది ఇది. ఒకడు టేలర్ ముందు చేరి వేగం తగ్గిస్తాడు. రెండోవాడు బయటివైపు మోచేతి దూరంలో అంటుకుని వస్తాడు. లోపలివైపు ట్రాక్ అంచు. వెనక ఇంకొకడు. కబడ్డీలో కూతకొచ్చినవాణ్ణి మూలకు తోసి గొలుసు కట్టినట్టే. ఆఖరి మలుపులో నాలుగోవాడు పైనుంచి దూసుకుపోతాడు. బయటపడాలంటే రెండే దారులు. మొదటి నుంచీ ముందుండటం ఒకటి, అప్పుడు గాలి మొత్తం తన ఛాతీకే తగులుతుంది. లేదా అందరి వెనకా ఉండి, మలుపులో బయటినుంచి చుట్టి రావడం. మీటరు బయటగా పూర్తి చుట్టు తిరిగితే ఆరు మీటర్ల పైన ఎక్కువ తొక్కాలి (2 × π × 1 మీటరు, అంతే లెక్క). స్ప్రింట్‌లో ఆరు మీటర్లంటే మూడు సైకిళ్ళ పొడుగుకు పైనే. ఈ అంకె ఒక్కటి చాలు, పేజీడు ఆవేదన అక్కర్లేదు.

టాంటన్ ఘటన నీ దగ్గర సినిమా ఫైటయింది. 1897 సెప్టెంబరు, మసాచుసెట్స్. ఒక మైలు పందెం అయిపోయాక, టేలర్ వెనక వచ్చిన బెకర్ అనే రేసరు అతన్ని సైకిల్ మీంచి లాగి, స్పృహ తప్పేదాకా గొంతు నులిమాడు. పోలీసులు విడిపించాల్సి వచ్చింది. బెకర్‌కు పడిన జరిమానా 50 డాలర్లు. మూడేళ్ళ తర్వాత టేలర్ కట్టింది 500. ఈ రెండు అంకెలూ ఒకే పేరాలో ఉండేలా చూడు. ఇంకో సంగతి, ఇది దక్షిణాదిలో జరగలేదు. ‘ఉత్తరాదిలో అంతా సవ్యం’ అన్న నీ మూడో పేరా తీసెయ్.

రికార్డుల దగ్గర తొందరపడ్డావు. 1899 నవంబరులో చికాగో గార్‌ఫీల్డ్ పార్క్‌లో అతను మైలు 1 నిమిషం 19 సెకన్లలో తొక్కాడు, నిజమే. గంటకు 73 కిలోమీటర్లు. కానీ ముందు ఆవిరి యంత్రం బండి గాలిని చీలుస్తూ పోతుంటే దాని వెనక చొరబడి తొక్కిన వేగం అది. అంతకుముందు ఆ పని నలుగురైదుగురు కలిసి తొక్కే పొడుగు సైకిళ్ళు చేసేవి. అదే ఏడాది ఆగస్టు 10న మాంట్రియల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది మైలు స్ప్రింట్‌లో. అక్కడ గడియారంతో పనిలేదు, గీత ముందు ఎవరు దాటారన్నదే. రెండూ ఒక వాక్యంలో కలిపితే సైకిల్ తెలిసినవాడు నీ వ్యాసం అక్కడే మూసేస్తాడు. అలాగే 1896 డిసెంబరులో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో అప్పటి అమెరికా ఛాంపియన్ ఎడీ బాల్డ్‌ను ఓడించిన అర మైలు పందెం హ్యాండిక్యాప్ పందెం. కుర్రాడు ముందునుంచి, బాల్డ్ వెనకనుంచి బయలుదేరారు. ఆ మాట దాచకు. ఆ వెంటనే ఆరు రోజుల పందెంలో 1,732 మైళ్ళు తొక్కి ఎనిమిదో స్థానంలో నిలిచాడు. 18 ఏళ్ళవాడికి అది చాలు, మన పూత అక్కర్లేదు.

సైకిల్ గురించి నీ వ్యాసంలో ఒక్క ముక్క లేదేం? పాత సైకిళ్ళు పోగుచేసేవాళ్ళు ఇప్పటికీ ‘మేజర్ టేలర్ స్టెమ్’ అంటారు. హ్యాండిల్‌ను పట్టి ఉంచే క్లాంపు ఒక కడ్డీ మీద ముందుకూ వెనక్కూ జరుగుతుంది, కావలసినచోట బోల్టు బిగించుకోవాలి. హ్యాండిల్ ముందుకు జరిగితే వీపు వంగుతుంది, ఛాతీ గాలికి తక్కువ తగులుతుంది. అతని ఫొటో ఏది చూసినా చాచిన చేతులు, బల్లలా పరుచుకున్న వీపు. ఒక పాఠకుడి కళ్ళ ముందు మనిషిని నిలబెట్టేది ఇలాంటి వస్తువే.

యూరప్‌ను స్వర్గం చేశావు. 1901లో పారిస్‌లో ఫ్రెంచి ఛాంపియన్ ఎడ్మండ్ జాక్లాన్ చేతిలో మే 16న ఓడి, మే 27న గెలిచాడు. జనం నీరాజనాలు పట్టారు, ఆదివారం తొక్కనన్న షరతు ఒప్పందంలో ఉంది. అక్కడి పత్రికలు మాత్రం అతని రంగునూ కండలనూ సంతలో ఎద్దును చూసినట్టు వర్ణించాయి. అదీ రాయి.

మాటల విషయం. ఆనాటి పత్రికల్లోని తిట్టు మాటలు కొటేషన్‌లో ఉంటే ఉండనీ, నీ సొంత వాక్యంలోకి రానివ్వకు. ‘నల్ల తుఫాను’ ఆనాటి పత్రికలు పెట్టిన బిరుదు, ఒకసారి చెప్పి వదిలెయ్. ఇక అంటరానితనంతో పోలిక నీకు నాలుగుచోట్ల వచ్చింది. మన పాఠకుడికి ఆ గ్యాలరీ దృశ్యం చదవగానే ఊరి బావి దానంతట అదే గుర్తొస్తుంది. నువ్వు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళక్కర్లేదు.

చివరి పేరా మొత్తం మార్చు. ‘వివక్షే అతన్ని దిక్కులేని చావు చంపింది’ అన్నావు. పందేలు మానింది 1910లో. ఆ తర్వాత వ్యాపార నష్టాలు, సొంత డబ్బుతో అచ్చువేసి ఇల్లిల్లూ తిరిగి అమ్మిన ఆత్మకథ, ఆర్థికమాంద్యం, జబ్బు. 1932 జూన్ 21న చికాగోలో కుక్ కౌంటీ ఆసుపత్రి ధర్మవార్డులో పోయాడు. గుర్తు రాయి లేని సమాధి. 1948లో పాత రేసర్లు కొందరు సైకిల్ కంపెనీ యజమాని ఫ్రాంక్ ష్విన్ ఇచ్చిన డబ్బుతో అక్కణ్ణుంచి తీసి, మంచిచోట మళ్ళీ పూడ్చారు. ఇన్ని కారణాల్లో ఒక్కదాన్నే ఎంచుకునే హక్కు మనకు లేదు.

ఆ ఆత్మకథ కూడా పందేలు ముగిసిన చాలా ఏళ్ళకు రాసింది. తేదీలూ దూరాలూ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళు ఉచితంగా పెట్టిన పాత పత్రికలతో సరిచూసుకో. ఒక పందేనికి కనీసం రెండు ఊళ్ళ పత్రికలు చూడు, ఒకటి పందెం జరిగిన ఊరిది అయ్యుండాలి.

అన్నట్టు, అతను స్థిరపడిన ఊరిని అంతటా ‘వార్‌సెస్టర్’ అని రాశావు. ఆ ఊరివాళ్ళు పలికేది ‘వూస్టర్’. 14 చోట్ల ఉంది, మార్చి పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య